రోజుకి పదహారు రూపాయలు: మా డీఏ బాకీ చేతికొచ్చేదాకా

2022 మార్చి మొదటి వారంలో జీతంతో పాటు మా డీఏ బాకీ రెండో విడత కూడా బ్యాంకులో పడింది. 2020 ఏప్రిల్‌లో మొదలవ్వాల్సిన డబ్బు ఇది. బెంగళూరు గార్మెంట్స్‌లో మన తెలుగువాళ్ళు చాలామందే ఉన్నారు, హిందూపురం, మడకశిర, కదిరి, మదనపల్లె వైపు నుంచి వచ్చినవాళ్ళు. యూనియన్ అంటే జెండా పట్టుకుని గేటు ముందు అరవడం, తర్వాత ఉద్యోగం పోగొట్టుకోవడం అనుకునేవాళ్ళు మా లైన్లోనే సగం మంది ఉండేవాళ్ళు. అసలు ఏం జరుగుతుందో, ఎంత టైం పడుతుందో, చేతినుంచి ఎంత పోతుందో తెలియాలని రాస్తున్నా. నేను హోసూరు రోడ్డు పక్కన ఒక ఎక్స్‌పోర్ట్ ఫ్యాక్టరీలో టైలర్ని, షర్టుల లైన్లో కాలర్ అటాచ్ చేస్తా. ఫ్యాక్టరీ పేరు రాయను, ఇంకా అందులోనే పని చేస్తున్నా మరి.

డీఏ, అంటే కరువు భత్యం, తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. ధరలు పెరిగినదాన్ని బట్టి ప్రతి ఏప్రిల్ 1 నుంచి కనీస వేతనం మీద ఇంత కలపాలని కార్మిక శాఖ లెక్క కట్టి చెప్తుంది. 2020కి మాకు వచ్చిన లెక్క నెలకి 417 రూపాయల 60 పైసలు. ఇరవై ఆరు రోజులకి పంచితే రోజుకి పదహారు రూపాయలు. "దీనికోసమా ఇంత గొడవ?" అని మా ఆయన చాలాసార్లు అన్నాడు. ఆయన సెంట్రింగ్ పనికి పోతాడు, రోజుకి ఏడెనిమిది వందలు తెస్తాడు, పని ఉన్నరోజున. నాకు పీఎఫ్, ఈఎస్‌ఐ పోగా చేతికొచ్చేది నెలకి ఎనిమిది వేల చిల్లర. ఆయనకి పని ఉన్నా లేకపోయినా, అద్దె, పాప ఫీజు ఆ ఎనిమిది వేల మీదే నడిచేవి.

2020 మార్చి చివర లాక్‌డౌన్ పడింది. మేం ఊరికి పోలేకపోయాం, గార్వేభావిపాళ్యలో ఒక్క గదిలో నలుగురం. ఫ్యాక్టరీ మే నెలలో తెరిచారు. ఆ నెల జీతం స్లిప్పు చూస్తే డీఏ గడిలో పాత అంకే ఉంది. మొదట నాకు కనిపించలేదు, నా పక్క మెషిన్ చింతామణి అక్క చూపించింది. ఆమెది చింతామణి, అందుకే అందరం అలాగే పిలుస్తాం, ఇంట్లో తెలుగే మాట్లాడుతుంది. హెచ్‌ఆర్ దగ్గరికి నలుగురం వెళ్ళి అడిగాం. "ఆర్డర్లు క్యాన్సిల్ అవుతున్నాయమ్మా, ఉద్యోగం ఉంది, అది చూసుకోండి" అన్నాడు. గట్టిగా కూడా అనలేదు, మంచిగానే చెప్పాడు, అందుకే తిరిగొచ్చేశాం.

జూలైలో నోటీసు బోర్డు మీద ఒక కాగితం అంటించారు. ఆ ఏడాది డీఏని 2021 మార్చి 31 దాకా వాయిదా వేస్తూ రాష్ట్ర ప్రభుత్వం ఆదేశం ఇచ్చిందని. కన్నడలో, ఇంగ్లీషులో ఉంది. నాకు కన్నడ చదవడం కూడబలుక్కుంటే వస్తుంది. మా ఒడిశా అమ్మాయిలకి అదేంటో అర్థమే కాలేదు, హాస్టల్లో ఉంటారు పాపం, వ్యాన్‌లో తెచ్చి వ్యాన్‌లో తీసుకుపోతారు. సరే, సర్కారే చెప్పాక మనమేం చేస్తాం అనుకున్నాం అందరం.

ఆ ఆదివారం చింతామణి అక్క నన్ను యూనియన్ మీటింగ్‌కి తీసుకుపోయింది. ఆమె అప్పటికే మూడేళ్ళుగా మెంబరట, పక్క మెషిన్లో కూర్చుని కూడా నాకు ఒక్కసారీ చెప్పలేదు. మీటింగ్ అంటే హాలు, మైకు ఉంటాయనుకున్నా. రేషన్ షాపు పైన ఒక గది, చాప, పదిహేను ఇరవై మంది ఆడవాళ్ళు, ఇద్దరు ఒళ్ళో పిల్లలతో. ఆదివారమే ఎందుకంటే మిగతా రోజుల్లో ఎవరికీ ఒక గంట ఖాళీ ఉండదు. ఆదివారం కూడా బట్టలు ఉతుక్కుని, సంగటి చేసి పెట్టి, మధ్యాహ్నం మూడింటికి వచ్చేవాళ్ళం, ఐదింటికల్లా లేచిపోయేవాళ్ళం. మాతో మాట్లాడిన యూనియన్ అక్క కూడా ఒకప్పుడు టైలరే, పదేళ్ళు మెషిన్ తొక్కింది. కన్నడామె, మాతో తెలుగు కలిపి మాట్లాడేది. ఆమె మొదటిరోజు స్లోగన్ ఏదీ చెప్పలేదు. "మీ జీతం స్లిప్పులు ఎక్కడున్నాయి? వచ్చేవారం తీసుకురండి" అంది, అంతే.

స్లిప్పులు! ఇక్కడే మాకు నెలలు పట్టింది. ఎవరి దగ్గరా ఉండవు. నాలుగు వేళ్ళ వెడల్పు కాగితం, దాని వెనకాల కూరగాయల లెక్క రాసుకుని పారేస్తాం. కొంతమంది కావాలనే చింపేస్తారు, ఇది నాకు తర్వాత తెలిసింది. ఓటీ (ఓవర్‌టైం) డబ్బులు ఎంతొచ్చాయో ఇంట్లో తెలిస్తే ఆ రెండు మూడు వందలు కూడా మిగలవు, అందుకని గేటు దాటకముందే చింపేసేవాళ్ళు. వాళ్ళకి "ఈ కాగితం దాచుకో అక్కా" అని చెప్పడం ఎంత కష్టమో చూడండి. చివరికి ఒక్కొక్కరుగా నా దగ్గరే దాచమని ఇచ్చారు. మా ఇంట్లో బియ్యం డబ్బా పైన ఒక ప్లాస్టిక్ కవర్లో పద్దెనిమిది మంది స్లిప్పులు ఉండేవి. జిరాక్స్‌లకి నేను పెట్టిన డబ్బు చిన్నదే, కానీ నెలాఖరులో అది కూడా లెక్కే. యూనియన్ మెంబర్షిప్ ఖర్చు పెద్దదేం కాదు, నెలకి ఒకసారి టీ, బన్ను మానేస్తే సరిపోతుంది.

సెప్టెంబర్‌లో శుభవార్త. యూనియన్ వాళ్ళు హైకోర్టుకి వెళ్ళారు, ఆ ప్రభుత్వ ఆదేశం మీద కోర్టు స్టే ఇచ్చింది, బాకీతో సహా కనీస వేతనం ఇవ్వాలంది. ఆరోజు గదిలో అందరం స్వీట్లు తిన్నాం. నాకు 2016 గుర్తొచ్చింది. పీఎఫ్‌లో యజమాని వాటా 58 ఏళ్ళ దాకా తీసుకోకూడదని రూల్ తెచ్చినందుకు ఆ ఏప్రిల్‌లో బొమ్మనహళ్ళి దగ్గర ఇదే హోసూరు రోడ్డు మీదికి వేల మంది ఆడవాళ్ళం వచ్చేశాం. ఏ యూనియనూ పిలవలేదు. రోడ్డు మొత్తం ఆగిపోయింది, తర్వాతిరోజు బస్సులు కాలాయి, లాఠీలు పడ్డాయి, ఆ సాయంత్రానికే కేంద్రం రూల్ వెనక్కి తీసుకుంది. రెండే రోజులు. అందుకే మాలో చాలామందికి ఒక నమ్మకం ఉండిపోయింది, గెలిస్తే ఇలా రెండు రోజుల్లో గెలుస్తాం, లేకపోతే లేదు అని. కోర్టు చెప్పాక అక్టోబర్ జీతంలో పడిపోతుందనుకున్నాం.

అక్టోబర్‌లో పడలేదు. నవంబర్‌లో పడలేదు. హెచ్‌ఆర్‌ని అడిగితే "కేసు ఇంకా నడుస్తోంది" అన్నాడు. స్టే ఇచ్చారు కదా సార్ అంటే, "అవన్నీ పైవాళ్ళు చూసుకుంటారు" అన్నాడు. మా ఒక్క ఫ్యాక్టరీ అనుకున్నా గానీ, మీటింగులో కనుక్కుంటే మైసూరు రోడ్డు, పీణ్య, అన్నిచోట్లా అదే మాట. కర్ణాటక మొత్తం మీద నాలుగు లక్షల మందికి పైగా ఇదే బాకీ అని తర్వాత తెలిసింది.

పదహారు రూపాయల కోసం కంపెనీలు ఇంత మొండికేయడం ఎందుకో నాకు అప్పుడు అర్థం కాలేదు. యూనియన్ అక్క ఒక ఆదివారం లెక్క వేసి చూపించింది. డీఏ పెరిగితే దాని మీద యజమాని పీఎఫ్ 12 శాతం పెరుగుతుంది. ఓటీ రెట్టింపు రేటు కూడా దాని మీదే. 8.33 శాతం బోనస్, ఐదేళ్ళ సర్వీసు తర్వాత మానేటప్పుడు వచ్చే గ్రాట్యుటీ, అన్నీ బేసిక్, డీఏ కలిపిన అంకె మీదే. పైగా వచ్చే ఏడాది డీఏ దీని మీద పేరుతుంది, నిచ్చెనలో ఒక మెట్టు తీసేస్తే పైవన్నీ కిందికి జారినట్టే. అలా చూస్తే ఇది 417 రూపాయల గొడవ కాదు. మా ఆయనకి ఇంటికొచ్చి ఇదంతా చెప్పా. గ్రాట్యుటీ దగ్గర ఆయన కాస్త నిమ్మళంగా విన్నాడు. అప్పటినుంచి ఆదివారాలు పాపని తనే చూసుకున్నాడు, గొణుక్కుంటూనే అనుకోండి.

ఇంకో విషయం కూడా ఆరోజే తెలిసింది. కనీస వేతనం తక్కువ ఇస్తే అప్పట్లో అమల్లో ఉన్న కనీస వేతనాల చట్టం సెక్షన్ 20 కింద క్లెయిమ్ వేయడానికి వీలుండేది. ఆరు నెలల్లోపు వేయాల్సి ఉండేది, ఆలస్యమైతే సరైన కారణం చూపించాల్సి ఉండేది. తక్కువ పడిన డబ్బుతో పాటు దానికి పది రెట్ల దాకా పరిహారం ఇప్పించే అధికారం ఉండేది ఆ క్లెయిమ్ వినే అధికారికి. స్లిప్పులు ఎందుకు అడిగారో అప్పుడు తలకెక్కింది. స్లిప్పు లేకపోతే నీకెంత ఇచ్చారో నువ్వెలా చూపిస్తావు?

ఇక భయం సంగతి. నిజం చెప్పాలంటే ఎవరూ ఎవరినీ కొట్టలేదు, తీసెయ్యలేదు. డిసెంబర్‌లో మేం ఒక వినతిపత్రం ఇచ్చాం, బాకీ ఎప్పుడిస్తారో రాతలో చెప్పమని, అరవై మంది దాకా సంతకాలు, వేలిముద్రలు. ఒకరి పేరు ముందు పడకుండా గుండ్రంగా రాయించింది యూనియన్ అక్క, మొదటి సంతకం ఎవరిదో తెలియకూడదని. అయినా వారం తిరగకముందే చింతామణి అక్కని వేరే యూనిట్‌కి వేశారు. ఆమె ఇంటినుంచి రెండు బస్సులు మారాలి, పొద్దున ఆరింటికి బయల్దేరాలి. కాగితం మీద అది శిక్ష కాదు, "ప్రొడక్షన్ అవసరం". నన్ను కాలర్ నుంచి తీసి స్లీవ్‌కి మార్చారు. చేయి అలవాటు పడని ఆపరేషన్, టార్గెట్ మాత్రం అదే. గంట గంటకీ సూపర్‌వైజర్ బోర్డు మీద అంకె రాస్తాడు, పక్కన నా అంకె ఎప్పుడూ తక్కువే. అందరి ముందు అరుస్తాడు. బాత్రూంకి లేస్తే గడియారం చూస్తాడు. రెండు వారాలు రాత్రిళ్ళు నిద్రపట్టలేదు, పొద్దున గేటు కనిపిస్తే కడుపులో తిప్పేది. ఆ టెన్షన్‌లో వదిలేద్దామనే అనుకున్నా. మా లైన్లో ఒక పెద్దామె, యూనియన్‌లో లేదు, మీటింగుకి ఒక్కరోజు కూడా రాలేదు, ఆమే నా బండిల్స్‌లో, అంటే కుట్టాల్సిన ముక్కల కట్టల్లో, కొన్ని తన వైపు లాక్కుని కుట్టేసేది. ఎందుకక్కా అంటే మాట్లాడేది కాదు.

చింతామణి అక్క మూడు వారాలు ఆ రెండు బస్సులూ ఎక్కింది. 2021 జనవరిలో రిజైన్ చేసింది. తొమ్మిదేళ్ళ సర్వీసు, గ్రాట్యుటీ మాత్రం వచ్చింది. ఐదేళ్ళు నిండబోయేవాళ్ళ చేత ముందే రిజైన్ చేయించే చోట్లు ఉన్నాయి మన గార్మెంట్స్‌లో, ఆ లెక్కన ఆమె అదృష్టవంతురాలే అన్నారు కొందరు. నాకైతే అలా అనిపించలేదు.

తర్వాత నాలుగైదు నెలలు ఏమీ జరగలేదు. ఇది కూడా చెప్పాలి, ఎందుకంటే ఎవరైనా ఇలాంటిది మొదలుపెడితే మధ్యలో ఈ ఖాళీ వస్తుంది, అప్పుడే మనుషులు జారిపోతారు. మీటింగుకి వచ్చేవాళ్ళు తగ్గారు. ఏప్రిల్ చివర రెండో లాక్‌డౌన్ వచ్చింది, ఫ్యాక్టరీ మూసేశారు. జూన్ మధ్యలో 30 శాతం మందితో తెరిచారు, నా పిలుపు నెలాఖరుకి వచ్చింది. అప్పటికి వారం వారం కట్టే సంఘం లోను ఐదు కంతులు ఆగిపోయింది. పాప చెవులవి కుదువ పెట్టా. ఆ టైంలో డీఏ గురించి మాట్లాడితే నాకే చిరాకొచ్చేది. యూనియన్ వాళ్ళు ఆ నెలల్లో రేషన్ కిట్లు పంచారు. వాటికోసం వచ్చినవాళ్ళలో కొందరు తర్వాత మెంబర్లయ్యారు.

జూలైలో యూనియన్ అక్క ఇంకో పని చెప్పింది, నాకు మొదట వింతగా అనిపించింది. "మీరు కుట్టే షర్టు లోపల మెడ దగ్గర ఏ పేరుంటుంది? రాసుకు రండి." ఫ్లోర్‌లోకి ఫోన్లు తీసుకుపోనివ్వరు, గేటు దగ్గర పెట్టాలి. కాబట్టి ఫోటోలు లేవు, గుర్తుపెట్టుకుని వచ్చి చెప్పడమే. పదకొండేళ్ళుగా షర్టులు కుడుతున్నా గానీ ఆ లేబుల్ మీద ఏం రాసుందో ఒక్కరోజు కూడా పట్టించుకోలేదు. వాష్‌కేర్ లేబుల్ మీద చిన్న అక్షరాలు, స్టైల్ నంబరు, అవన్నీ లంచ్‌లో చేతి మీద మార్కింగ్ పెన్సిల్‌తో రాసుకున్నాం కొందరం. ఇంగ్లీషు రానివాళ్ళు అక్షరాలు బొమ్మల్లా గీసుకొచ్చారు.

సంగతేంటంటే ఆ విదేశీ బ్రాండ్లకి తమ సరఫరాదారులు పాటించాల్సిన నియమాలని ఒక పత్రం ఉంటుంది. అందులో స్థానిక చట్టం ప్రకారం కనీస వేతనం ఇవ్వాలని స్పష్టంగా ఉంటుందట. ఏ బ్రాండుకి ఏ ఫ్యాక్టరీ కుడుతుందో కొన్ని బ్రాండ్లు తమ వెబ్‌సైట్లలో పెడతాయి, మిగతావి ఇలా లేబుల్ చూసే తేల్చాలి. యూనియన్ వాళ్ళు, వాళ్ళతో కలిసి పనిచేసే బయటి దేశాల కార్మిక సంస్థలు ఆ బ్రాండ్లకి ఉత్తరాలు రాశారు. హెచ్‌ఆర్‌కి మేమిచ్చిన అరవై సంతకాలు ఏమయ్యాయో ఈరోజుకీ తెలియదు. కానీ ఆర్డర్ ఇచ్చేవాడు అడిగితే ఆ ప్రశ్న నేరుగా ఓనర్ బల్ల మీద పడుతుంది. నాకు కాస్త బాధగానే అనిపించింది. ఇక్కడ హైకోర్టు చెప్తే కదలనిది, అక్కడెవరో అడిగితే కదలాలా?

అదే సమయంలో లేబర్ ఆఫీసర్ దగ్గర కూడా ఫిర్యాదు నడుస్తోంది. బన్నేరుఘట్ట రోడ్డులో డైరీ సర్కిల్ దగ్గర కార్మిక భవన్ ఉంది, చూసే ఉంటారు. మొదటి విచారణకి మేం ఐదుగురం వెళ్ళాం. ఒకరోజు సెలవు అంటే ఆ రోజు జీతం పోవడమే కాదు, నెల మొత్తం అటెండెన్స్ బోనస్ పోతుంది, ఇది బయటివాళ్ళకి తెలియదు. అందుకే వంతులు వేసుకున్నాం, ఒక నెల ఒకరు, ఇంకో నెల ఇంకొకరు. పోయిన డబ్బులో కొంత యూనియన్ ఇచ్చింది, అంతా కాదు. మొదటిసారి మేనేజ్‌మెంట్ తరఫున ఎవరూ రాలేదు. మధ్యాహ్నం దాకా కూర్చున్నాం, ఇంకో తేదీ వేశారు. ఇంటినుంచి తెచ్చుకున్న చిత్రాన్నం మెట్ల మీద కూర్చుని తిని వచ్చేశాం.

రెండోసారి ఒకాయన ఫైలు పట్టుకుని వచ్చాడు, ఇన్‌షర్ట్, మెడలో కార్డు. "విషయం కోర్టులో ఉంది మేడం" అని మొదలుపెట్టాడు. యూనియన్ అక్క ఏమీ అనకుండా హైకోర్టు ఆర్డర్ కాపీ తీసి బల్ల మీద పెట్టి, ఒక లైను కింద వేలు పెట్టి అక్కడే ఉంచింది. దాని పక్కన మా స్లిప్పుల కట్ట. అందులో పైదే నా స్లిప్పు, వెనకాల టమోటా, ఉర్లగడ్డ అని రాసుంది. నాకు సిగ్గేసింది గానీ ఆఫీసర్ వెనక్కి తిప్పి చూడలేదు. ఆ ఫైలాయన గడువు అడిగాడు. ఇచ్చారు. బయటికొచ్చాక నేను నీరసపడిపోయా, మళ్ళీ గడువే కదా అని. "ఇన్నాళ్ళూ ఇవ్వక్కర్లేదు అన్నారు, ఈరోజు టైం కావాలన్నారు. తేడా గమనించావా?" అంది యూనియన్ అక్క. గమనించలేదు నేను.

నవంబర్‌లో మా ఫ్లోర్‌కి ఆడిట్, అంటే తనిఖీ, వచ్చింది. ఆడిట్ అంటే మామూలుగా ముందురోజే తెలుస్తుంది. దారి ఖాళీ చేస్తారు, మెషిన్లకి నీడిల్ గార్డులు బిగిస్తారు, బాత్రూంలో సబ్బు పెడతారు, ఎవరు మాట్లాడాలో, ఏం చెప్పాలో నేర్పిస్తారు. ఈసారి అది కాక ఇంకోటి జరిగింది. ఆ తర్వాతి వారాల్లో సాయంత్రాలు కొంతమందికి ఫోన్లు వచ్చాయి, ఫ్యాక్టరీ బయట మాట్లాడదామని. నాతో ఒక అమ్మాయి తెలుగులోనే మాట్లాడింది. పేరు ఎక్కడా రాయనని చెప్పి, 2020 మార్చి స్లిప్పు, 2020 మే స్లిప్పు రెండూ చదివి వినిపించమంది. చదివా. అరగంటలో అయిపోయింది. రెండేళ్ళలో నాకు అన్నిటికన్నా తేలిగ్గా జరిగిన పని అదే, కానీ ఆ రెండు స్లిప్పులూ లేకపోతే అదీ జరిగేది కాదు.

డిసెంబర్‌లో కర్ణాటక గార్మెంట్స్ జీతం బాకీ సంగతి విదేశీ పేపర్లలో వచ్చింది. అన్నిటికన్నా పెద్ద కంపెనీ బాకీ కడతానందని యూనియన్ గ్రూప్‌లో వాట్సాప్ వచ్చింది. నేను నమ్మలేదు, అప్పటికి చాలా వాట్సాప్‌లు చూశాం. 2022 జనవరి మూడో వారంలో మా నోటీసు బోర్డు మీద కూడా కాగితం పడింది. ఆ నెల నుంచి డీఏ జీతంలో కలుపుతారు, పాత బాకీ రెండు విడతల్లో, సగం ఫిబ్రవరిలో, సగం మార్చిలో. కోర్టు మాట లేదు, యూనియన్ మాట అసలే లేదు, "ఉద్యోగుల సంక్షేమం దృష్ట్యా" అని రాశారు. ఆ ముక్క చదివి లంచ్‌లో మేం నవ్విన నవ్వుకి సూపర్‌వైజర్ వచ్చి చూసి పోయాడు.

డబ్బు పడ్డాక గొడవ అయిపోతుందనుకున్నా గానీ లెక్క గొడవ మొదలైంది. 2020 ఏప్రిల్ నుంచి 2021 డిసెంబర్ దాకా ఇరవై ఒక్క నెలలు, నెలకి 417.60 చొప్పున 8,769 రూపాయలు రావాలి కదా అని అందరూ వేళ్ళ మీద లెక్కేసుకుని ఉన్నారు. అంత రాలేదు ఎవరికీ. పని చేసిన రోజులకే కట్టారు, లాక్‌డౌన్ నెలలు తీసేశారు. దాని మీద పీఎఫ్ 12 శాతం, ఈఎస్‌ఐ 0.75 శాతం కోత. నాకు రెండు విడతలు కలిపి చేతికి ఆరున్నర వేల పైచిలుకు వచ్చింది. పీఎఫ్ కోత చూసి చాలామంది మోసం అన్నారు, నిజానికి అది మనకే మంచిది, ఎందుకంటే అంతే వాటా యజమాని కూడా వేయాలి. వేశారో లేదో పాస్‌బుక్‌లో చూసుకోవాలి, నేను ఉమంగ్ యాప్‌లో చూసుకుంటున్నా, ఇది రాసేనాటికి మొదటి విడతది కనిపిస్తోంది, రెండోది ఇంకా రాలేదు. ఓటీకి, 2020-21 బోనస్‌కి డీఏ తేడా కలపలేదు. దాని మీద యూనియన్ మళ్ళీ ఉత్తరం ఇచ్చింది. లాక్‌డౌన్ నెలల గురించి కూడా అడిగారు గానీ అది వస్తుందని నాకు పెద్దగా ఆశ లేదు.

డబ్బు మాత్రం అందరికీ పడింది, మెంబర్లకీ, కానివాళ్ళకీ. యూనియన్‌లో చేరితే ఉద్యోగం పోతుందని మా వెనక చెప్పినామెకి నాకంటే రెండు వందలు ఎక్కువే వచ్చింది, ఆమె సెలవులు పెట్టలేదు మరి. మొదట్లో మండింది. చట్టం ప్రకారం అది అందరికీ రావాల్సిందే, మెంబర్లకే ఇస్తే అది ఇంకో అన్యాయం, ఇదంతా తెలుసు, అయినా మండింది. నా బండిల్స్ కుట్టిన పెద్దామె మాత్రం మార్చి విడత పడ్డ ఆదివారం మీటింగుకి వచ్చింది. అడక్కుండానే పేరు రాయించుకుంది, ఇంకో రెండేళ్ళలో రిటైరవుతుందట.

నా డబ్బు ఎటు పోయిందంటే, చెవులవి విడిపించా, సంఘం లోను ఆగిన కంతులు కట్టా, మిగిలింది ఉగాదికి ఊరికి పోవడానికి టికెట్లు. నన్ను మళ్ళీ కాలర్‌కి వేశారు ఫిబ్రవరిలో, ఏ మాటా చెప్పకుండా, తీసినప్పుడు కూడా అంతే కదా.

ఇంకా తేలనిది మధ్యలో మానేసినవాళ్ళ బాకీ. వాళ్ళు పనిచేసిన నెలలకి డబ్బు రావాలి, నోటీసులో వాళ్ళ ప్రస్తావన లేదు. చింతామణి అక్కకి 2020 మే నుంచి 2021 జనవరి దాకా రావాలి, మూడున్నర వేల దాకా ఉంటుంది. ఆమె ఇప్పుడు ఇంటి దగ్గరే బ్లౌజులు కుడుతోంది, కార్మిక భవన్‌కి వస్తానంది. మన తెలుగువాళ్ళు ఎవరైనా 2020 ఏప్రిల్ తర్వాత గార్మెంట్స్ మానేసి ఊరికి పోయి ఉంటే, మీ పాత టోకెన్ నంబరు, యూఏఎన్ (పీఎఫ్ నంబరు), అప్పటి జీతం పడిన బ్యాంకు పాస్‌బుక్ ఎంట్రీల జిరాక్స్, దొరికితే ఒక్క స్లిప్పు అయినా వెతికి పెట్టుకోండి. స్లిప్పు లేకపోతే పాస్‌బుక్ ఎంట్రీ, పీఎఫ్ పాస్‌బుక్ కూడా పనికొస్తాయని యూనియన్ అక్క చెప్పింది. అకౌంటు మూసేసి ఉంటే కొత్త అకౌంటు వివరాలు రాసి ఇవ్వాలి. మా ఫ్యాక్టరీవాళ్ళ జాబితాలో ఇప్పటికి నలభై మూడు పేర్లు చేరాయి, ఏప్రిల్‌లో ఉగాది అయ్యాక అది హెచ్‌ఆర్‌కి ఒకటి, లేబర్ ఆఫీసర్‌కి ఒకటి ఇస్తాం.